రెండు వందల పద్నాలుగో బిళ్ళ

2007 ఏప్రిల్ 9, సోమవారం

"సోమవారం పొద్దుగాల తొమ్మిదింటికి ఆఫీసు కాడ ఉంట. ఇద్దరం కల్సే లోపలికి పోదాం" అని పగిడయ్య నాకు మాటిచ్చి ఇరవై తొమ్మిదేళ్ళు కావస్తోంది. 1978 ఆగస్టు. ఆ సోమవారం నేను ఆఫీసు వరండాలో బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. వాడు రాలేదు.

ఆ పగిడయ్యే ఇవాళ రిటైర్డు కార్మికుల కమిటీకి అధ్యక్షుడు. వాడి సంతకంతో పోస్టులో ఉత్తరం వచ్చింది. ఇల్లందులో మూతపడిన మా బొగ్గు బావి ముందు మేడే నాడు రాయి పాతుతారట. లోపల చనిపోయినవాళ్ళందరి పేర్లూ దాని మీద చెక్కిస్తారట. జాబితాలో పదిహేడు పేర్లున్నాయి. "ఎవరి పేరైనా విడిచిపోతే ఆధారాలతో ఏప్రిల్ 25 లోగా తెలుపగలరు."

లాల్‌సింగ్ పేరు లేదు. ఉండదని నాకు తెలుసు.

ఆధారాలు నా దగ్గర ఉన్నాయి. ఇరవై ఆరేళ్ళు ఆ బావి ల్యాంప్‌రూంలో గుమాస్తాగా పనిచేశాను. రిజిస్టర్లు చెత్తలో పారేస్తుంటే గోనెసంచిలో వేసుకుని తెచ్చుకున్నవాణ్ణి. నా నివేదిక నేనే టైపు చేస్తున్నాను. జయరాజ్ తన ఆఫీసులో కొత్తవి వచ్చాయని పాత లాప్‌టాప్ నాకిచ్చి, "నాయనా, రాసుకో, కానీ లోపలివేవీ ముట్టుకోకు" అన్నాడు. ముప్పైనాలుగేళ్ళ కొడుకు, డెబ్బైరెండేళ్ళ తండ్రికి చెప్పిన మాట! క్లబ్బు లైబ్రరీలో పన్నెండు వందల పుస్తకాలుంటే అన్నీ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. లైబ్రరీ గుమాస్తా కూడా చదవలేదు. అతను అట్టలు మాత్రమే తుడిచేవాడు.

ఈరోజు మూడుసార్లు ఆగిపోయింది. మెమరీ చాలడం లేదని ఒక పసుపు గుర్తు వస్తుంది. ఆ తర్వాత తెర గడ్డకడుతుంది. బాణం కదలదు.

ఏప్రిల్ 10

ఐదుసార్లు. రెండు పేజీలు పోయాయి. మళ్ళీ కొట్టాను. మొదటిసారి కన్నా బాగా వచ్చాయి.

ఏప్రిల్ 11, బుధవారం

ఖమ్మంలో సాయికిరణ్ అనే వాడి కంప్యూటర్ షాపుకు షేర్ ఆటోలో వెళ్ళాను. ఒళ్ళో లాప్‌టాప్, పక్కన కోళ్ళ గంప. సాయికిరణ్ మూత తెరిచి రెండు మీటలు నొక్కి, ఫోనులో మాట్లాడుతూనే తీర్పు చెప్పాడు.

"తాతా, దీన్ల మెమరీ రెండు వందల యాభై ఆరే ఉన్నది. పైంగ మదర్‌బోర్డు గూడ పోయినట్టుంది. పడేసి కొత్తది తీస్కో."

"మదర్‌బోర్డు పోతే అసలు తెరుచుకుంటుందా?"

"తెరుసుకుంటది, మల్ల మూసుకుంటది. గదే గద నీ బాధ?"

"మెమరీ పెంచు."

"గీ మోడల్ చిప్పు హైదరాబాద్‌ల దొరకాలె. రెండు వారాలైతది."

రెండు వారాలంటే ఇరవై అయిదో తేదీ. మహా ఘనుడు. బయటికి వస్తుంటే షాపులో ఇంకో కుర్రాడితో, "ముసలాయనకు ప్రేమలేఖ రాసుకునుడుకు లాప్‌టాప్ గావాల్నట" అనడం వినిపించింది. నా చెవులు బావి పక్కన పనిచేసిన చెవులే, కానీ ఇంకా వినిపిస్తాయి.

హైదరాబాద్ చిప్పు అక్కర్లేకుండానే దీన్ని బాగుచేస్తాను.

ఏప్రిల్ 12

నివేదికలో రాసినదే ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను. మిషను మింగేస్తే కాగితం మీదైనా ఉంటుంది.

బావిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక నంబరు. ల్యాంప్‌రూం కిటికీ దగ్గర తన ఇత్తడి బిళ్ళ ఇచ్చి, అదే నంబరు ల్యాంపు తీసుకుంటాడు. బిళ్ళను నేను బోర్డు మీద మేకుకు తగిలిస్తాను. పైకొచ్చి ల్యాంపు ఇస్తే బిళ్ళ తిరిగి ఇస్తాను. షిఫ్టు అయ్యాక బోర్డు మీద బిళ్ళ మిగిలిందంటే ఒక మనిషి ఇంకా కింద ఉన్నాడని అర్థం. ఇది ఒక లెక్క. బావి మొగదల పగిడయ్య నిలబడి దిగేవాళ్ళనూ ఎక్కేవాళ్ళనూ పుస్తకంలో రాస్తాడు. అది రెండో లెక్క. నన్ను వాడు, వాణ్ణి నేను సరిచూడాలి. ఎంత గొప్ప ఏర్పాటు! ఎన్ని పుస్తకాలు చదివినా ఇంతకన్నా తెలివైన ఏర్పాటు ఎక్కడా కనబడలేదు నాకు.

1978 ఆగస్టు 17, గురువారం, రెండో షిఫ్టు. వాన. బోర్డు మీద 214 మిగిలింది. లాల్‌సింగ్. ల్యాంపు రాలేదు. పగిడయ్యను అడిగాను. "వచ్చిండు, నేను చూసిన. గిదో, రాసిన. బత్తి ఇంటికి పట్కపోయిండు కావచ్చు" అన్నాడు. వానకు అందరూ ఒకేసారి ఎగబడితే, చూడకుండానే వరసగా అందరికీ "పైకి" అని రాసేశాడు. ఆ రాత్రే కింద ఒక గ్యాలరీ, అంటే బొగ్గు తవ్విన సొరంగం, కూలింది. లోపల ఎవరూ లేరని పుస్తకం చెబుతోంది. పొగ వస్తోందని మర్నాడు మధ్యాహ్నం దానికి అడ్డంగా గోడ కట్టేశారు.

లాల్‌సింగ్ ఇల్లు చేరలేదు. పని వదిలి పారిపోయినవాడని రాశారు. శనివారం పగిడయ్య నా ముందు ఏడ్చాడు. సోమవారం ఇద్దరం కలిసి వెళ్ళి నిజం చెబుదామన్నాడు.

రాలేదు.

ఏప్రిల్ 13

నా ఫైలు బరువైందని తేలింది. రిజిస్టరు పేజీలు అరవై రెండు స్కాన్ చేయించి పెట్టాను. ఒక్కో బొమ్మ గోడంత. ల్యాంప్‌రూం రిజిస్టరు ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదని చూపాలంటే అరవై రెండూ కావాలి. నా దస్తూరీ చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఒక్క కొట్టివేత లేదు.

అందుకని పేజీలు తీసేయలేదు. ఆగస్టు 17 పేజీని మాత్రం సగానికి కత్తిరించాను. పై సగంలో 214 ఎదురుగా "ల్యాంపు రాలేదు" అని ఉంది. అది చాలు. మెమరీ ఆదా.

ఏప్రిల్ 14

కింది సగం అనవసరమే.

ఏప్రిల్ 15, ఆదివారం

ఇన్నమ్మ చర్చి నుంచి వచ్చేసరికి తెర నల్లబడి ఉంది. నేను దాని ముందు కూర్చుని ఉన్నాను.

"ఏందయ్యా, మిషనుకు ప్రార్థన చేస్తున్నవా? చర్చికి రమ్మంటే రావు."

"మెమరీ చాలడం లేదు."

"అరవై రెండు కాయితాలు మోపితే ఎద్దు గూడ కూలబడతది. ఒక్కటి చాలదా?"

"నీకు తెలియదులే."

"నాకెట్ల తెల్వది? ఇన్నేండ్ల సంది ఆ గోనెసంచి మంచం కింద పెట్కొని పండుకుంటున్న. ఊడ్సినప్పుడల్లా జరపాలె, మల్ల పెట్టాలె." కాఫీ గ్లాసు పెట్టి, "ఆ సోమవారం నువ్వు ఇంటికొచ్చి అన్నం తినలె. గది గూడ నాకు తెల్సు" అంది.

నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషితో వాదించకూడదు. అన్నీ గుర్తుంచుకుంటారు.

అరవై రెండూ ఉంటాయి.

ఏప్రిల్ 17, మంగళవారం

దరఖాస్తు మీద వేలిముద్ర కోసం లాల్‌సింగ్ భార్య రూప్లి దగ్గరికి వెళ్ళాను. ఇల్లందు దాకా బస్సు, అక్కడ నుంచి గుండాల దారిలో జీపు, దిగాక అడవి అంచున రెండు కిలోమీటర్లు నడక. ఇప్పపూలు రాలుతున్న కాలం. తండాలో ఆడవాళ్ళంతా పూలకు పోయారు. రూప్లి మోకాళ్ళ నొప్పులతో ఇంటి ముందే ఉంది. నన్ను చూసి గుర్తుపట్టింది.

"ల్యాంపు సారువే గద? ముసలోడివైనవ్ సారూ."

"నువ్వు కాలేదా?"

"నేను ఎప్పుడో అయిన. ఉరికిపోయినోని పెండ్లాం జల్దీ ముసలిదైతది."

ఏ తండాకు పోయినా, ఏ పెళ్ళికి పోయినా, "లాల్‌సింగ్ ఏడున్నడే? ఎవర్తెనేస్కొని ఏ దేశం పోయిండు?" అని అడిగేవారట. ఫలానా ఊళ్ళో చూశామని చెప్పినవాళ్ళు కూడా ఉన్నారట. ఒకసారి ఎవడో చెబితే నమ్మి మణుగూరు దాకా వెతుక్కుంటూ పోయి వచ్చింది. "రాయి మీద ఆయన పేరుంటే సాలు సారూ. గా రాయి కాడికి నా ఆడబిడ్డను తోల్కపోయి సూపిస్త. నా నోట్లె నుంచి ఒక్క మాట రానియ్య. వేలు పెట్టి సూపిస్త, గంతే."

ఆగస్టు 17 పేజీ కాగితం మీద తీయించి తీసుకెళ్ళాను. ఆమెకు చదువు రాదు. 214 ఎక్కడుందని అడిగి, దాని మీద చెయ్యి పెట్టింది. తర్వాత ఆ చెయ్యి కిందికి జరిగి, బొమ్మ తెగినచోట ఆగింది.

"గీడ కోసినట్టున్నది. కింద ఏముండె సారూ?"

"ఏం లేదు."

వేలిముద్ర వేసింది. నా చేతికి గుప్పెడు ఇప్పపూలు పెట్టింది.

ఏప్రిల్ 18

ఏం లేదని చెప్పాను.

మిషను ఏడుసార్లు ఆగింది. కారణం కత్తిరించని బొమ్మలు కావు. నలభై తీసేసి చూశాను, అయినా ఆగింది. మళ్ళీ పెట్టేశాను. వేరే ఏదో ఉంది.

ఏప్రిల్ 19

పొద్దున కాఫీ తాగుతూ ఆలోచిస్తే తట్టింది. సిగ్గుపడ్డాను. ఇరవై ఆరేళ్ళు చేసిన పని ఇది.

మూడు మీటలు కలిపి నొక్కితే ఒక జాబితా వస్తుంది. ఆ క్షణాన లోపల పనిచేస్తున్న ప్రోగ్రాములన్నిటి పేర్లూ, పక్కనే ఒక్కొక్కటి ఎంత మెమరీ పట్టుకుందో. ఇది బోర్డు కాక ఇంకేమిటి? ఎవరు దిగారు, ఎవరు పైకి రాలేదు.

గీతల నోటుబుక్కు తీసుకుని పాత పద్ధతిలో గళ్ళు కొట్టాను. పేరు, తెరిచినప్పుడు ఎంత, గంట తర్వాత ఎంత, ఫైలు మూసేశాక ఎంత తిరిగి ఇచ్చింది. నలభై ఒక్క పేర్లు. గంటగంటకీ రాశాను. పని అయ్యాక పట్టుకున్నది తిరిగి ఇచ్చేవాడు మంచివాడు. ఇవ్వనివాడు కింద ఉండిపోయినవాడు.

ఇన్నమ్మ తొంగిచూసి, "మల్ల డ్యూటీ ఎక్కినవా?" అంది.

అవును. మొదటి షిఫ్టు.

ఏప్రిల్ 20

కరెంటు పొద్దున ఆరు నుంచి పది దాకా లేదు. మధ్యాహ్నం మూడు గంటల లెక్క రాశాను. ముప్పైతొమ్మిది మంది నిజాయితీపరులు. ఇద్దరు కారు.

ఏప్రిల్ 21, శనివారం

పట్టుకున్నాను.

ఇద్దరూ వైరస్ కాపలావాళ్ళు! ఒకణ్ణి జయరాజ్ పెట్టించాడు. రెండోవాణ్ణి నేనే పెట్టాను. ఒక కంప్యూటర్ పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలో ఉన్నాడు. ఒక కాపలా ఉంటే వాణ్ణి సరిచూసేది ఎవరు, ఇద్దరుండాలి అని, ల్యాంప్‌రూం సూత్రం ప్రకారమే పెట్టాను. అప్పుడు ఎంత గర్వపడ్డానో ఇదే డైరీలో ఫిబ్రవరిలో రాసుకున్నాను.

ఇప్పుడు నోటుబుక్కు చెబుతోంది. నేను ఫైలు దాచగానే మొదటివాడు దాన్ని తెరిచి చూస్తాడు. వాడు తెరవగానే, ఇక్కడ ఏదో జరుగుతోందని రెండోవాడు లేస్తాడు. రెండోవాణ్ణి చూసి మొదటివాడు మళ్ళీ. నీ పని అయిందా అని వీడు, నీది కానీ అని వాడు. ముప్పై ఎనిమిదిగా మొదలైన మెమరీ అంకె వంద దాటుతుంది. నా ఫైలు మధ్యలో ఊపిరాడక చస్తుంది.

ఒకణ్ణి తీసేశాను. నేను పెట్టినవాణ్ణే. మిషను ఆపి మళ్ళీ తెరిచాను.

నాలుగు గంటలు పనిచేసింది. అరవై రెండు బొమ్మలతో. ఒక్కసారి ఆగలేదు. ఇన్నమ్మను పిలిచి పైనుంచి కిందికి, కింది నుంచి పైకి పేజీలు పరుగెత్తించి చూపించాను. "మంచిగున్నది" అంది. అంతకన్నా పెద్ద బిరుదు ఈ ఇంట్లో లేదు.

ఖమ్మం పట్టణంలో ఇంకెవరైనా ఇలా పట్టుకోగలరేమో చూద్దాం. పట్టుకోలేరు.

ఏప్రిల్ 23, సోమవారం

సాయికిరణ్ షాపుకు వెళ్ళి లాప్‌టాప్ తెరిచి, ఏమీ అనకుండా నోటుబుక్కు పక్కన పెట్టాను. ఫోను చెవి నుంచి దించాడు. ఒక పేజీ చదివాడు. ఇంకో పేజీ తిప్పాడు.

"గిదంత చేత్తోని రాసినవా తాతా? గంట గంటకు?"

"మదర్‌బోర్డు బాగుంది."

"అవ్, మంచిగనే ఉన్నది." తల గోక్కున్నాడు. "గీ నోట్సు జిరాక్స్ తీస్కోవచ్చా?"

"తీసుకో. కింద నా పేరు రాయి."

తిరుగు ఆటోలో నవ్వు ఆపుకోలేకపోయాను. పక్కావిడ జరిగి కూర్చుంది.

ఇంటికొచ్చి ఫైలు తెరిచాను. ఇప్పుడు దీనిలో ఎంత కావాలంటే అంత చోటుంది. ఆగస్టు 17 పేజీ సగం బొమ్మ కనబడింది. దాన్ని కత్తిరించడానికి ఇక కారణం లేదు.

స్కాన్ చేయించిన సీడీలోంచి పూర్తి పేజీ తీసి పెట్టాను. కింది సగంలో ఉన్నది ఇది: "రాత్రి 11.40. బావి మొగదల పుస్తకంతో సరిచూడడమైనది. అందరూ పైకి వచ్చినారు. బోర్డు ఖాళీ. తోమాసు." నా దస్తూరీ. ఒక్క కొట్టివేత లేదు.

బోర్డు ఖాళీ కాలేదు. 214ను మేకు మీద నుంచి తీసి జేబులో వేసుకున్నాను. ఇద్దరి లెక్కలూ కలవాలి కదా. కలిపాను. గోడ కట్టింది మర్నాడు మధ్యాహ్నం. అంతవరకు పన్నెండు గంటల పైన వ్యవధి ఉంది. ఆ మాట కూడా నివేదికలో రాశాను.

మిగిలిన అరవై ఒక్క పేజీలూ తీసేశాను. ఒక్కటి చాలు. ఇన్నమ్మకు చెప్పలేదు, చెబితే ఈ జన్మంతా వినాలి.

ఏప్రిల్ 24, మంగళవారం

ఇల్లందు వెళ్ళాను. పగిడయ్య వాకిట్లో నులక మంచం మీద పడుకుని ఉన్నాడు. ఊపిరితిత్తుల్లో బొగ్గు. మాట్లాడితే ఈల వస్తుంది. అధ్యక్షుడు!

"ఏంది తోమాసూ, గింత ఎండల వచ్చినవ్? నన్ను తిట్టనీకి ఎండ పడింది గూడ సూడవా?"

"తిట్టడానికి రాలేదు. నివేదిక తెచ్చాను, చదువు."

కళ్ళజోడు వెతుక్కుని, వేలు పెట్టుకుని చదివాడు. తన పేరు వచ్చినచోట ఆగలేదు. చివరి పేజీ దగ్గర ఆగాడు.

"నీ సంతకం గూడ పెట్టినవా?"

"పెట్టాను."

"గీ పేజీ బయటికి రాదనుకున్న." చాలాసేపు దగ్గాడు. "నాకు ఎర్కే ఉండె తోమాసూ. నీ బోర్డు ఖాళీ అని రాసినవంటే నేను ధైర్యం తెచ్చుకున్న. తోమాసు రాసిండంటే తప్పు కాదు, లాల్‌సింగ్ వచ్చే ఉంటడు, నేనే మంచిగ చూసిన అని."

"నీ పుస్తకంలో ఉందని నేను రాశాను!"

"అవ్. నీదాన్ల ఉందని నేను నమ్మిన."

అప్పుడు అడిగాను. ఇరవై తొమ్మిదేళ్ళుగా నమలుతున్న మాట. "ఆ సోమవారం ఎందుకు రాలేదు?"

"రాకపోవుడేంది? వచ్చిన."

"అబద్ధం."

"నువ్వు తెల్ల అంగీ ఏస్కొని, నల్ల గొడుగు పక్కన పెట్కొని, వరండాల బెంచీ మీద కూసున్నవ్. నేను సైకిళ్ళ షెడ్డు కాడ నిలబడ్డ. నువ్వు లేసి లోపలికి పోతే నీ ఎన్కనే వద్దామనుకున్న. నా కాళ్ళు ముందుకు పడ్తలేవు. నువ్వు లేస్తవేమోనని సూసిన, సూసిన. నువ్వు లేవలె. పన్నెండింటికి గొడుగు తీస్కొని ఇంటికి పోయినవ్. నేను గూడ పోయిన."

గొడుగు సంగతి నేనెవరికీ చెప్పలేదు.

వాడి కూతురు మజ్జిగ తెచ్చింది. ఇద్దరం తాగాం. తర్వాత పగిడయ్య పెన్ను అడిగి, నివేదిక కింద "నేను చూడకుండనే రాసినాను, ఇది నిజము" అని రాసి సంతకం చేశాడు. పేరు చేర్చమని కమిటీకి ఇంకో కాగితం రాశాడు. వాడి దస్తూరీ ఎప్పుడూ నాసిరకమే.

ఏప్రిల్ 25

కమిటీకి అందింది. ఇప్పుడు పద్దెనిమిది పేర్లు.

మే 1

జెండా ఎగరేశారు, ఉపన్యాసాలు చెప్పారు. ఒక్క ఉపన్యాసం కూడా వినదగినది కాదు. రాయి నల్లగా, బాగా నునుపు చేసి ఉంది. రూప్లి ఆడబిడ్డను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఇద్దరూ ముసలివాళ్ళే. నేను వెళ్ళి చూపించబోతే ఇన్నమ్మ నా అంగీ పట్టుకుని ఆపింది. రూప్లి తనంతట తానే వెతుక్కుంది. అక్షరాలు రావు కనుక, నేను ముందే చెప్పినట్టు, పైనుంచి పద్దెనిమిది దాకా లెక్కపెట్టుకుంది. చివర చేర్చిన పేరు అదే. ఆడబిడ్డ చెయ్యి తీసి దాని మీద పెట్టింది. ఒక్క మాట మాట్లాడలేదు, అన్నట్టుగానే.

రూప్లి ముందు నిలబడి నివేదిక చివరి పేజీ చదివి వినిపించాను. కోసేసిన కింది సగంతో సహా. చివరిదాకా వింది. ఇన్నేళ్ళూ దాచిన 214 బిళ్ళ జేబులోంచి తీసి ఇచ్చాను. కొంగున ముడివేసుకుంది. క్షమించానని అనలేదు. అనాలని నేనూ అడగలేదు.

మే 2

మిషను బాగా నడుస్తోంది. సాయికిరణ్ ఫోను చేసి, ఎవరిదో ఇలాంటి మిషనే వచ్చింది, వచ్చి చూడమంటున్నాడు. "సార్" అన్నాడు ఈసారి. రేపు వెళతాను. నోటుబుక్కు కొత్తది కొన్నాను.

పగిడయ్యను మెచ్చుకుని ఒక వాక్యం రాద్దామని కూర్చున్నాను. రాలేదు. పిరికివాడు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

అయితే నిన్న రాయి దగ్గర నుంచి వస్తూ పాత ఆఫీసుకు వెళ్ళాను. పైకప్పు లేదు, బెంచీ లేదు, దాని కాళ్ళు నాటిన గుంటలు మాత్రం ఉన్నాయి. అడుగులు వేసి కొలిచాను. రెండుసార్లు కొలిచాను. సైకిళ్ళ షెడ్డు నుంచి తలుపుకు యాభై మూడు అడుగులు. బెంచీ నుంచి నాలుగు.

ఇన్నేళ్ళూ తప్పు మోపడానికి నాకు ఒక మనిషి కావాల్సి వచ్చింది. ఇప్పటికీ కావాలి. ఆ మనిషి ఈ నాలుగు అడుగులు వేయనివాడు, తోమాసు.